ప్లేఆఫ్‌లో ఎవరు గెలుస్తారో ముందే చెప్పగలమా?

డల్లాస్ కౌబాయ్స్ జట్టు ప్రధాన కార్యాలయం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంది. తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో స్థిరపడ్డ ఊరు కూడా అదే. అక్కడ ఒక ఇంట్లో, ఏళ్లుగా అమెరికన్ ఫుట్‌బాల్ చూస్తున్న బాబాయ్‌కీ, డేటా అనలిస్టుగా పనిచేసే అన్నకూతురు సుమకీ మధ్య ప్లేఆఫ్స్ గురించి, అంటే సీజన్ చివర్లో ఓడితే ఇంటికే అన్న నాకౌట్ మ్యాచ్‌ల గురించి, జరిగిన వాదన ఇది.

బాబాయ్: చెప్పలేం అంటాను నేను. 2024 జనవరి 14 గుర్తుందా? ఇక్కడే, ఆర్లింగ్టన్‌లో మ్యాచ్. కౌబాయ్స్ రెండో సీడ్, అంటే ప్లేఆఫ్స్‌కి వచ్చినవాళ్లలో తమ విభాగంలో రెండో ర్యాంకు. సొంత మైదానంలో వరసగా 16 మ్యాచ్‌లు గెలిచి ఉన్నారు. ఎదురుగా ఏడో సీడ్ గ్రీన్‌బే ప్యాకర్స్. ప్లేఆఫ్స్‌కి ఏడో సీడ్‌ని చేర్చింది 2020 సీజన్‌లో. అప్పట్నుంచి ఆ రోజు దాకా ఆ స్థానంలో వచ్చిన జట్టు ఒక్కటీ గెలవలేదు. హాఫ్‌టైమ్ కూడా కాకుండానే స్కోరు 27–0. ఆధిక్యం మనది కాదమ్మా, ప్యాకర్స్‌ది! చివరికి 48–32. ఏ లెక్క చెప్పింది దీన్ని?

సుమ: ఏ మంచి లెక్కా "కౌబాయ్స్ గెలుస్తారు" అని చెప్పదు బాబాయ్. ఆ రోజు వాళ్లు దాదాపు ఏడు పాయింట్ల ఫేవరెట్లు. ఎన్ని పాయింట్ల తేడాతో గెలవచ్చని పందాల మార్కెట్ వేసే ఆ అంచనానే స్ప్రెడ్ అంటారు. అసలు ఫలితం స్ప్రెడ్ నుంచి అటో ఇటో తప్పుతూనే ఉంటుంది. ఆ తప్పడానికి స్టాండర్డ్ డీవియేషన్, అంటే మామూలుగా ఎంత దూరం తప్పుతుందన్న కొలత, 13, 14 పాయింట్ల దాకా ఉంటుంది. అంటే ఏడు పాయింట్ల ఫేవరెట్‌కి గెలిచే అవకాశం సుమారు 70 శాతం. మిగతా 30 శాతం ప్యాకర్స్‌ది. పదింట మూడుసార్లు జరిగేది ఆ రోజు జరిగింది.

బాబాయ్: గెలిచినా నీదే రైటు, ఓడినా నీదే రైటు. 2007 సీజన్‌లో పేట్రియట్స్ 16కి 16 గెలిచారు, ప్లేఆఫ్స్‌లో ఇంకో రెండు. ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో జయంట్స్ చేతిలో 17–14తో పోయారు. అప్పుడు వాళ్లు 12 పాయింట్ల ఫేవరెట్లు. అదీ జరిగేదేనా?

సుమ: జరిగేదే. 12 పాయింట్లంటే 80 శాతం చిల్లర. అయిదింట ఒకసారి ఓడాలి. బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఏడు మ్యాచ్‌ల సిరీస్ పెడతారు కాబట్టి మంచి జట్టు ఒకరోజు తడబడినా లేచి నిలబడుతుంది. ఇక్కడ ఒక్క మ్యాచ్, అంతే. మొదటి సీడ్‌కి ఒక రౌండ్ తప్పుతుంది, అయినా మూడు గెలవాలి. ఒక్కోదానికి 70 శాతం ఇచ్చినా మూడూ గెలిచే అవకాశం 34 శాతమే. "వీళ్లదే కప్పు" అని టీవీలో బల్లగుద్ది చెప్పేవాళ్లందరూ ఈ గుణకారం చేసి చూడాలని నా కోరిక.

బాబాయ్: సరే, 2023 జనవరి చూడు. ఫార్టీనైనర్స్ వరసగా 12 గెలిచి ఈగల్స్ మీదికి వెళ్లారు. మొదటి డ్రైవ్‌లోనే, అంటే బంతి చేతికొచ్చిన మొదటిసారే, క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడి నడిపేవాడు) బ్రాక్ పర్డీకి మోచేతి గాయం. బదులుగా దిగిన జాష్ జాన్సన్‌కి తలకు దెబ్బ. బంతి విసరలేని పర్డీనే మళ్లీ మైదానంలోకి పంపాల్సి వచ్చింది. 31–7. ఆ మ్యాచ్ మొదటి పది నిమిషాల్లోనే అయిపోయింది. అంతకుముందు 2016లో సియాటిల్‌తో మ్యాచ్ చివర్లో మినెసోటా కిక్కర్ బ్లెయిర్ వాల్ష్ 27 గజాల ఫీల్డ్ గోల్ (గోల్ స్తంభాల మధ్యకి కాలితో కొట్టే మూడు పాయింట్ల కిక్) పక్కకి కొట్టాడు. అదే మ్యాచ్‌లో అంతకుముందు మూడు కొట్టినవాడే. 10–9తో సియాటిల్‌కి పోయింది. ఈ ఆటలో ఒక మోచెయ్యి, ఒక కాలు సీజన్ మొత్తాన్ని తినేస్తాయి.

సుమ: గాయం ఎప్పుడవుతుందో నేనూ చెప్పలేను. కానీ గాయం అయ్యాక ఎంత నష్టమో చెప్పే చోట మనుషులు ఎక్కువగా భయపడతారు. 2017 సీజన్‌లో ఈగల్స్ 13 గెలిచి 3 ఓడి మొదటి సీడ్. డిసెంబర్‌లో క్వార్టర్‌బ్యాక్ కార్సన్ వెంట్జ్ మోకాలు పోయింది, బదులుగా నిక్ ఫోల్స్ వచ్చాడు. సొంత మైదానంలో ఆరో సీడ్ ఫాల్కన్స్‌తో ఆడుతున్నా అండర్‌డాగ్‌లే, అంటే ఓడతారన్నదే మార్కెట్ అంచనా! తర్వాతి రెండింట్లోనూ అంతే. మూడూ గెలిచారు, సూపర్ బౌల్ 41–33. లైన్‌మెన్ అక్కడే ఉన్నారు, డిఫెన్స్ అక్కడే ఉంది. అందరూ ఒక్క పేరునే చూశారు.

బాబాయ్: చూశావా, అక్కడ నీ మార్కెట్ కూడా తప్పింది. మూడుసార్లు!

సుమ: ఒక్కోదానికి 40 శాతం ఉన్న జట్టు మూడూ గెలవడం సుమారు ఆరు శాతం. అరుదే, అద్భుతం కాదు. మార్కెట్ తప్పిందా, ఆరు శాతమే నిజమైందా అన్నది ఆ మూడు మ్యాచ్‌లతో తేల్చలేం.

బాబాయ్: ఆగు. ఇప్పుడు అసలు చోటుకొచ్చావు. ప్లేఆఫ్స్‌లో మొత్తం మ్యాచ్‌లెన్ని?

సుమ: పదమూడు.

బాబాయ్: నీ మోడల్ 65 శాతం సరిగ్గా చెబుతుందనుకుందాం. పదమూడింట ఎనిమిదిన్నర. నాణెం ఎగరేసేవాడికి ఆరున్నర. తేడా రెండు మ్యాచ్‌లు! రెండు మ్యాచ్‌లు ఏ ఏడాదైనా ఎటైనా పోతాయి. మరి నీది విద్యో, అదృష్టమో నేనెలా నమ్మేది? సంఖ్యలు పెట్టినంత మాత్రాన అది శాస్త్రం కాదు తల్లీ.

సుమ: ప్లేఆఫ్స్ ఒక్కటే చూస్తే మీరన్నది నిజం. దానికి నా దగ్గర జవాబు లేదు. అందుకే రెగ్యులర్ సీజన్‌లోని 272 మ్యాచ్‌ల మీద మోడల్‌ని పరీక్షిస్తాను. 70 శాతం అన్నవి నిజంగా 70 శాతం గెలిచాయా అని. తప్పయితే దిద్దుతాను. హోం గ్రౌండ్‌కి మూడు పాయింట్లు వేయడం ఒకప్పటి అలవాటు. 2020లో కోవిడ్ వల్ల స్టేడియాలు చాలామటుకు ఖాళీగా ఉన్నాయి. ఆ సీజన్‌లో ఇంటి జట్లు 127 గెలిస్తే బయటి జట్లు 128 గెలిచాయి, ఒకటి టై. అరుపుల విలువేంటో అప్పుడు తెలిసింది. జనం తిరిగొచ్చాక కూడా ఆ మూడు మళ్లీ మూడు కాలేదు. ఇప్పుడు రెండుకి అటూఇటూ వేస్తున్నా. మీ కంటికి ఇలాంటి దిద్దుబాటు ఉందా బాబాయ్?

బాబాయ్: నవంబర్ మ్యాచ్ వేరు, జనవరి మ్యాచ్ వేరు. జనవరిలో ఎవడూ ఏదీ దాచుకోడు. నాలుగో డౌన్‌కి, అంటే ఆఖరి ప్రయత్నానికి, రెండు గజాలుంటే కోచ్ ధైర్యం చేస్తాడా, పంట్ కొట్టించి బంతిని దూరంగా ఎదుటివాళ్లకి వదిలేస్తాడా? అది నవంబర్ లెక్కలో దొరకదు. నేను వాళ్లని ఏళ్ల తరబడి చూశాను. ఎవరు ముడుచుకుపోతారో నాకు తెలుసు.

సుమ: తెలిస్తే మ్యాచ్‌కి ముందే రాసిపెట్టండి. తర్వాత గుర్తుచేసుకునేటప్పుడు తగిలినవే గుర్తుంటాయి, తప్పినవి జారిపోతాయి. పదమూడు మ్యాచ్‌లకీ మీరొక శాతం, నేనొక శాతం. 90 అని ఓడితే ఎక్కువ కోత, 55 అని ఓడితే తక్కువ. ఒక్క ఏడాది చాలదన్నారుగా, అయిదేళ్లు రాద్దాం.

బాబాయ్: రాస్తాను. కానీ శాతం రాయను, జట్టు పేరు రాస్తాను. ఆ రోజు సాయంత్రం గెలిచేది ఒక జట్టే కదా. చెప్పేవాడు ఒక పక్కన నిలబడి చెప్పాలి.

సుమ: పేరు రాస్తే మీకెంత నమ్మకమో ఎలా తెలుస్తుంది? 51కీ 90కీ మీ కాగితం మీద తేడా ఉండదు. ఆ తేడా చెప్పడమే కదా బాబాయ్ అంచనా అంటే!