మైకు బాగానే ఉంది, గొంతే టవర్ దాకా చేరడం లేదు

ఫ్లైట్ సిమ్యులేషన్, అంటే కంప్యూటర్‌లో విమానం నడపడం, చేసేవాళ్ల ఓపికకు వంక పెట్టలేం. ఇంజిన్ స్టార్ట్ చేసే ముందు పేజీలకు పేజీలు చెక్‌లిస్ట్ చదువుతారు. ఇంధనం, ట్రిమ్, ఫ్లాప్స్, ఆల్టీమీటర్ అన్నీ ఒకటికి రెండుసార్లు చూసుకుంటారు. మైకు పనిచేస్తోందో లేదో మాత్రం ఆన్‌లైన్‌లో టవర్ పాత్ర పోషించే కంట్రోలర్‌ని పిలిచేటప్పుడే తెలుసుకుంటారు. జవాబు రాకపోతే మళ్లీ పిలుస్తారు, ఇంకాస్త గట్టిగా పిలుస్తారు. తర్వాత టెన్షన్‌లో సెట్టింగ్స్ అన్నీ కెలికి, బాగున్నవాటిని కూడా పాడుచేసుకుంటారు. కొందరు కొత్త హెడ్‌సెట్ కొంటారు. కొందరు విండోస్ మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే ఇది. నేను చూసినంతలో మైకు నిజంగా చెడిపోవడం అరుదు. గొంతు నుంచి ఫ్రీక్వెన్సీ దాకా ఉన్న దారిలో ఏదో ఒకచోట తెగి ఉంటుంది. ఆ దారిని మొదటి నుంచి వరుసగా, అదీ నెట్‌వర్క్‌కి కనెక్ట్ కాకముందే చూసుకోవాలన్నది నా వాదన.

మిగతా ఆటల్లో మైకు పాడైతే నష్టం మనకే. ఇక్కడ అలా కాదు. పైలట్లూ కంట్రోలర్లూ ఆన్‌లైన్‌లో కలిసి ఆడే వాట్సిమ్, ఐవావో లాంటి నెట్‌వర్కుల్లో ఒక ఫ్రీక్వెన్సీ మీద ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి. వాట్సిమ్ 2019లో తెచ్చిన వాయిస్ వ్యవస్థ అసలు విమానాల్లో వాడే వీహెచ్ఎఫ్ రేడియో స్వభావాన్ని చాలావరకు అనుకరిస్తుంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడే బటన్ నొక్కితే మాటలు కలిసిపోయి కీచుమనే శబ్దం వస్తుంది. ఆ శబ్దం వెనక పెద్ద చరిత్రే ఉంది. 1977 మార్చి 27న టెనెరిఫ్ దీవిలోని విమానాశ్రయంలో టేకాఫ్ తీసుకుంటున్న కేఎల్ఎం విమానం రన్‌వే మీదే ఉన్న పాన్ యామ్ విమానాన్ని ఢీకొట్టింది. 583 మంది చనిపోయారు. కారణాలు చాలా ఉన్నాయి. ఆగమన్న టవర్ మాట, తాము ఇంకా రన్‌వే మీదే ఉన్నామన్న పాన్ యామ్ మాట ఒకే క్షణంలో కలిసిపోయి, కేఎల్ఎం కాక్‌పిట్‌లో కీచు శబ్దంగా వినిపించడం వాటిలో ఒకటి. సిమ్యులేషన్‌లో ప్రాణాలు పోవు, నిజమే. కానీ ఇరుక్కుపోయిన ఒక్క బటన్ ఆ ఫ్రీక్వెన్సీలో ఉన్న అందరి సాయంత్రాన్నీ పాడుచేస్తుంది.

మొదట సిమ్యులేటర్‌ని పక్కన పెట్టాలి. విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్ కింద మైకు టెస్ట్ ఉంటుంది. అక్కడ మాట్లాడితే గీత కదలాలి. కదలకపోతే సిమ్యులేటర్‌నీ, దాన్ని నెట్‌వర్క్‌తో కలిపే ప్రోగ్రామ్ అయిన క్లయింట్‌నీ తిట్టుకుని లాభం లేదు. ప్రైవసీ సెట్టింగ్స్‌లో డెస్క్‌టాప్ యాప్‌లకు మైకు అనుమతి ఉందో లేదో చూడాలి. వీపైలట్ లాంటి క్లయింట్లన్నీ ఆ కోవలోకే వస్తాయి. విండోస్ రెండు రకాల డిఫాల్ట్‌లు పెట్టుకుంటుందన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. ఒకటి మామూలు శబ్దాలకు, ఇంకోటి కమ్యూనికేషన్‌కి. హెచ్‌డీఎంఐ మానిటర్ తగిలించినా, వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకున్నా ఈ డిఫాల్ట్‌లు మనకు చెప్పకుండానే మారిపోవచ్చు. యూఎస్‌బీ హెడ్‌సెట్‌ని వేరే పోర్ట్‌లో గుచ్చితే విండోస్ దాన్ని కొత్త పరికరం అనుకుని, పేరు ముందు ఒక అంకె చేర్చడం కూడా మామూలే. క్లయింట్ మాత్రం పాత పేరునే పట్టుకుని కూర్చుంటుంది. అందుకే క్లయింట్‌లో "డిఫాల్ట్" అని వదిలేయకుండా, పరికరాన్ని పేరుతో ఎంచుకుని, ఎప్పుడూ ఒకే పోర్ట్ వాడటం మంచిది.

వైరు హెడ్‌సెట్ అయితే జాక్ చూడండి. మైకు, ఇయర్‌ఫోన్ రెండూ కలిపి ఉన్న నాలుగు భాగాల పిన్‌ని మైకు కోసం మాత్రమే ఉన్న రంధ్రంలో పెడితే పనిచేయదు. రెండుగా చీలే స్ప్లిటర్ కావాలి.

బ్లూటూత్ దగ్గర కాసేపు ఆగాలి. ఖరీదైన బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లో ఇంజిన్ శబ్దం అద్భుతంగా ఉంటుంది. క్లయింట్ మైకు తెరిచిన మరుక్షణం మొత్తం పాత టెలిఫోన్‌లోంచి వస్తున్నట్టు మారిపోతుంది. దీన్ని చూసి సిమ్యులేటర్ అప్‌డేట్‌లో ఏదో తప్పుందనుకుంటారు. మామూలు బ్లూటూత్‌లో సంగీతానికి ఒక పద్ధతి, ఫోన్ మాటలకు ఇంకో పద్ధతి ఉంటాయి. మొదటిది స్టీరియో ఇస్తుంది కానీ మైకును మోయలేదు. రెండోది మైకును మోస్తుంది కానీ శబ్దాన్ని మోనోకి కుదిస్తుంది, శాంప్లింగ్‌ని 8 లేదా 16 కిలోహెర్ట్జ్‌కి దించేస్తుంది. హెడ్‌ఫోన్ ఎంత మంచిదైనా ఈ పద్ధతిలో పెద్ద తేడా ఉండదు. దీనికి నిజంగా పనిచేసే మందు ఒక్కటే: వినడానికి బ్లూటూత్, మాట్లాడటానికి వేరే వైరు మైకు. లేదా బ్లూటూత్‌నే వదిలేయడం. వైర్‌లెస్ మీద మోజు ఎంతున్నా, కంట్రోలర్‌తో మాట్లాడేవాళ్లకు నేను వైరే సిఫారసు చేస్తాను.

ఇక పుష్ టు టాక్ బటన్, అంటే నొక్కి ఉంచినంతసేపే గొంతు పంపే బటన్. విచిత్రమైన ఫిర్యాదులన్నీ ఇక్కడివే. స్క్రీన్ మీద క్లయింట్ విండో ముందుంటే బటన్ పనిచేస్తుంది, సిమ్యులేటర్ మీద క్లిక్ చేయగానే ఆగిపోతుంది. ఈ లక్షణం కనిపిస్తే మైకు జోలికి పోనక్కర్లేదు. చాలావరకు సిమ్యులేటర్ అడ్మినిస్ట్రేటర్‌గా నడుస్తూ, క్లయింట్ మామూలుగా నడుస్తూ ఉంటుంది. ఎక్కువ హక్కులున్న ప్రోగ్రామ్ ముందున్నప్పుడు, తక్కువ హక్కులున్న ప్రోగ్రామ్‌కి కీబోర్డ్ నొక్కులు అందకుండా విండోస్ భద్రత కోసం అడ్డుకుంటుంది. రెండింటినీ ఒకే స్థాయిలో నడిపితే చాలు, వీలైతే రెండింటినీ మామూలుగానే. జాయ్‌స్టిక్ బటన్ అయితే వేరే కథ: కరెంటు పొదుపు కోసం విండోస్ యూఎస్‌బీ పరికరాన్ని నిద్రపుచ్చడం, గుచ్చే పోర్ట్ మారితే బటన్ కేటాయింపు పోవడం. ఆన్ అంటే ఆన్‌లోనే ఉండిపోయే టాగుల్ స్విచ్‌కి మాత్రం ఈ పని ఎప్పుడూ అప్పగించకండి. చెయ్యి తీయగానే ఆఫ్ అయిపోయే బటనే కావాలి.

ఇవన్నీ బాగున్నా జవాబు రాకపోతే, అప్పుడు విమానంలోకి చూడాలి. ఏవియానిక్స్ (విమానంలోని రేడియో లాంటి ఎలక్ట్రానిక్ పరికరాలు) పవర్ ఆన్‌లో లేకపోతే క్లయింట్ దృష్టిలో రేడియో లేనట్టే. విమానంలో కామ్ 1, కామ్ 2 అని రెండు రేడియోలుంటాయి; ఆడియో ప్యానెల్లో ట్రాన్స్‌మిట్ కామ్ 2 మీద ఉండి, ఫ్రీక్వెన్సీ కామ్ 1లో పెట్టుకున్నవాళ్లు ఎందరో. దూరం సంగతి కూడా మరవకూడదు. వీహెచ్ఎఫ్ తరంగాలు దాదాపు చూపు మేరకే వెళ్తాయి. అడుగుల్లో ఎత్తుకు వర్గమూలం తీసి 1.23తో గుణిస్తే నాటికల్ మైళ్లలో సుమారు దూరం వస్తుంది. 10,000 అడుగుల మీద అది 123 మైళ్లు, 35,000 అడుగుల మీద దాదాపు 230. నేల మీద నిలబడి, ఎక్కడో దూరాన ఉన్న సెంటర్‌ని (పెద్ద ప్రాంతాన్ని చూసే కంట్రోలర్‌ని) పిలిచి జవాబు రాలేదంటే లోపం మైకుది కాదు. టెక్స్ట్ వస్తూ వాయిస్ మాత్రం అసలు రాకపోతే ఫైర్‌వాల్‌నో రౌటర్‌నో అనుమానించవచ్చు.

కంట్రోలర్ మాట్లాడగానే ఇంజిన్ శబ్దం ఒక్కసారిగా పడిపోతోందా? విండోస్‌లో కమ్యూనికేషన్ జరుగుతున్నప్పుడు మిగతా శబ్దాలను 80 శాతం తగ్గించే ఏర్పాటు ఒకటుంది. పాత సౌండ్ ప్యానెల్ చివరి ట్యాబ్‌లో దాన్ని "ఏమీ చేయవద్దు"కి మార్చుకోవచ్చు.

గొంతు అందుతున్నా అర్థం కాకపోవడం వేరే జబ్బు. మైక్రోఫోన్ బూస్ట్‌ని 20, 30 డెసిబెల్స్‌కి పెంచి, పైన నాయిస్ సప్రెషన్ (చుట్టూ ఉన్న రొదను తగ్గించే ఏర్పాటు) రెండు మూడు చోట్ల ఆన్ చేస్తే మాట మొదలూ చివరా కోసుకుపోతాయి. విమానం కాల్‌సైన్‌లో, అంటే రేడియోలో దాన్ని పిలిచే పేరులో, మొదటి అక్షరం పోయిందంటే కంట్రోలర్‌కి ఎవరు పిలిచారో తెలియదు. బూస్ట్ తగ్గించండి. మైకును నోటికి సూటిగా కాకుండా పెదవి మూలకు దగ్గరగా జరపండి. బటన్ నొక్కాక అర క్షణం ఆగి మాట్లాడండి.

ఈ మొత్తం భారాన్ని పైలట్ మీదే వేయడం న్యాయం కాదని కూడా అనుకుంటాను. పరికరం పేరు మారినప్పుడు క్లయింట్ పెద్ద అక్షరాల్లో హెచ్చరించాలి. రేడియో ఎందుకు మూగబోయిందో, పవర్ లేకనా, దూరం వల్లనా, మైకు వల్లనా అన్నది ఒక్క వాక్యంలో చెప్పడం సాంకేతికంగా కష్టమేమీ కాదు. కంట్రోలర్లు కూడా "మీ మైకు బాగాలేదు" అని వదిలేయకుండా, అసలు విమానయానంలో వాడే మాట ఎంత స్పష్టంగా అందుతోందో 1 నుంచి 5 దాకా చెప్పే రీడబిలిటీ స్కేల్‌లో చెబితే ఎంతో మేలు. 2 అంటే మాటలు మధ్యమధ్యలో మాత్రమే అందుతున్నాయని. 3 అంటే అర్థమవుతోంది కానీ కష్టంగా ఉందని. ఆ అంకె ఎంతో తెలిస్తే, ఏదో ఒకటి మార్చి మళ్లీ అడిగినప్పుడు మెరుగైందో లేదో వెంటనే తేలుతుంది.

గాల్లో ఉండగా మైకు మూగబోతే సెట్టింగ్స్ జోలికి పోవద్దు. కంట్రోలర్‌కి టెక్స్ట్‌లో రాయండి. వాట్సిమ్‌లో టెక్స్ట్‌తోనే ఎగరడానికి అనుమతి ఉంది, విని టెక్స్ట్‌లో జవాబివ్వడానికీ ఉంది. ల్యాండ్ అయి గేట్ దగ్గర ఆపాక, డిస్‌కనెక్ట్ అయి మొదటి మెట్టు నుంచి చూసుకోవచ్చు.