కత్తెర మాహాత్మ్యం

లోకంలో ఆయుధాలు ఎన్ని ఉన్నా కత్తెరకు సాటి వచ్చేది లేదు. తుపాకీ బతికున్నవాణ్ణి చంపగలదు, అంతకు మించి దానికి చేతకాదు. చచ్చిపోయిన పిల్లవాణ్ణి హంతకుడిగా మార్చాలంటే కత్తెరే కావాలి. ఈ సంగతిని 1992లో ఎంటీవీ అనే అమెరికన్ సంగీత ఛానల్ రుజువు చేసి చూపించింది, అయినా దానికి రావలసినంత పేరు రాలేదని నాకు చాలాకాలంగా బాధగా ఉంది.

1991 జనవరి 8న టెక్సస్ రాష్ట్రంలో, డాలస్ పక్కనున్న రిచర్డ్‌సన్‌లో (ఇవాళ మన తెలుగువాళ్లు దండిగా ఉంటున్న చుట్టుపక్కలే) పదో తరగతి కుర్రాడొకడు క్లాసుకు ఆలస్యంగా వచ్చాడు. ఆఫీసుకు వెళ్లి చీటీ తెచ్చుకోమన్నారు. వెళ్లినవాడు తుపాకీతో తిరిగి వచ్చి, తోటి పిల్లల ఎదుటే తన ప్రాణం తీసుకున్నాడు. ఇంకెవరి ఒంటి మీదా గీత కూడా పడలేదు. పత్రికలో వచ్చిన ఆ చిన్న వార్త చదివిన ఎడ్డీ వెడర్ అనే గాయకుడు, శాన్ డియేగోలో తాను బడిలో చదువుతున్నప్పుడు ఎరిగిన మరో కుర్రాడి జ్ఞాపకాన్ని దానికి కలిపి ఒక పాట రాశాడు. అతని రాక్ బృందం పెర్ల్ జామ్ అదే ఏడాది తెచ్చిన ‘టెన్’ ఆల్బమ్‌లోని ‘జెరెమీ’ అదే.

మార్క్ పెల్లింగ్టన్ తీసిన ఆ పాట వీడియో చివర్లో కుర్రాడు క్లాసులోకి వస్తాడు, టీచరు వైపు ఒక ఆపిల్ విసురుతాడు, తుపాకీ తనవైపే తిప్పుకుంటాడు. ఆ వెంటనే నెత్తురు చింది, చేతులు అడ్డుపెట్టుకుని బొమ్మల్లా బిగుసుకుపోయిన తోటి పిల్లలు కనిపిస్తారు. ఇక్కడే ఎంటీవీ వారి కత్తెర రంగప్రవేశం చేసి, తుపాకీ కనిపించే ముక్కను కోసేసింది.

ఆ రోజు సమావేశం ఎలా జరిగి ఉంటుందో ఊహించుకుని నేను ఇప్పటికీ పులకించిపోతూ ఉంటాను. పొడవాటి బల్ల, దాని చుట్టూ ఎనిమిది మంది పెద్దమనుషులు, మధ్యలో బిస్కెట్లు. “తుపాకీ కనిపించకూడదండీ, పిల్లలు చూస్తారు” అని ఒకాయన అంటే, అందరూ తలలు ఊపి ఉంటారు. “మరి ఆ నెత్తురు?” అని కొత్తగా చేరినవాడెవడో అడిగితే, “నెత్తురుకేం, ఉండనివ్వండి, రంగు బాగుంది” అని పెద్దాయన సెలవిచ్చి ఉంటాడు. “తుపాకీ ఎటు తిరిగిందో చూపించకుండా ఎదుటివాళ్ల మీద నెత్తురు చూపిస్తే, వీడే అందరినీ కాల్చేశాడని జనం అనుకోరా?” అని ఆ కొత్తవాడు మళ్లీ నోరు తెరిచి ఉంటే, అతనికి ఇంకో బిస్కెట్ ఇచ్చి కూర్చోబెట్టి ఉంటారు.

జనం సరిగ్గా అలాగే అనుకున్నారు. తనను తాను చంపుకున్న పిల్లవాడు ఎంతోమంది కళ్లకు క్లాసునంతా ఊచకోత కోసిన రాక్షసుడయ్యాడు. 1993లో అదే ఛానల్ ఆ వీడియోకు ఉత్తమ వీడియోతో సహా నాలుగు అవార్డులు ఇచ్చి సత్కరించింది, కోసిన చేత్తోనే దండ వేసింది. 1996లో వాషింగ్టన్ రాష్ట్రంలోని మోజెస్ లేక్ బడిలో పద్నాలుగేళ్ల కుర్రాడు నిజంగానే ముగ్గుర్ని కాల్చి చంపినప్పుడు, ఈ వీడియో సంగతి కోర్టు దాకా వెళ్లింది. 1999లో కొలంబైన్ అనే బడిలో జరిగిన కాల్పుల తర్వాత మేరిలిన్ మాన్సన్ అనే రాక్ గాయకుడి పాటల మీద పడ్డారు. పిల్లవాడి సంచిలో ఏ క్యాసెట్ ఉందో వెతకడంలో ఆ దేశానికి ఉన్న శ్రద్ధ, వాడి వెనక బెంచీలో కూర్చుని రోజూ వాణ్ణి పొడిచిందెవరో అడగడంలో ఎన్నడూ కనబడలేదు.

అసలు ఆ పాటలో ఏముందో ఒక్కరైనా విన్నారా? తండ్రి పట్టించుకోలేదన్న మాట ఉంది, నిజమే. కానీ పాడేవాడు ‘నేను’ అంటాడు. ఆ పిల్లవాణ్ణి తాను ఏడిపించిన సంగతి తనకు స్పష్టంగా గుర్తుందంటాడు. వాడు ఏమీ చేయలేని అర్భకుడిలా కనిపించాడంటాడు. నిందితుడు తనంతట తానే బోనెక్కి, మైకు పట్టుకుని నేరం ఒప్పుకుంటూంటే, దేశమంతా గిటారు బాగుందని తల ఊపింది! ‘సరదాకి ఏడిపించాం’ అని మనమూ అంటాం. ఎవరికిరా సరదా? ఏడ్చేది ఒకడు, సరదా పదిమందికి. ఆ ఒకడు ఇంటికి వెళ్లి అన్నం ముందు కూర్చుని మాట్లాడకపోతే ‘మా వాడు నెమ్మదస్తుడు’ అని చుట్టాలకు చెప్పుకునే తల్లిదండ్రులు, ‘మా బడిలో అలాంటివి ఉండవండీ’ అనే హెడ్మాస్టర్లు, వీళ్లందరి చేతుల్లోనూ ఒక్కో కత్తెర ఉంది. ఛానల్ వాళ్లది జీతం తీసుకుని కోసే కత్తెర, అంతే తేడా.

ఇంత జరిగాక పెర్ల్ జామ్ వాళ్లకు వీడియోల మీదే విరక్తి పుట్టి, 1998 దాకా మరొకటి చేయలేదు. చివరికి 2020 జూన్ 5న, తుపాకీ హింసపై అమెరికాలో జరిపే అవగాహన దినాన, కోయని వీడియోను విడుదల చేశారు. క్లాసులో మిగతా పిల్లలంతా బతికే ఉన్నారనీ, ఆ నెత్తురు ఒక్కడిదేననీ 28 ఏళ్లకు జనం కళ్లారా చూశారు. కోసిన ఆ కాస్త ముక్కను ఇన్నాళ్లూ ఏ డబ్బాలో ఎవరు దాచారో గానీ, బూజు పట్టకుండా కాపాడినందుకు వారికి కూడా ఒక అవార్డు ఇప్పించాలని ఆ ఛానల్ వారికి నా మనవి.