కనుమ నాడు కదిలిన పడవ

కనుమ నాడు కాకైనా కదలదంటారు. కొత్తల్లుడు మాత్రం పొద్దున్నే డజను గారెలు లాగించి, పట్టుపంచెతోనే "అలా కాలువలో పడవ మీద తిరిగొద్దామా?" అంటాడు. బావమరిది తెడ్లు తెస్తాడు.

పడవ నడి ఏట్లో తిరగబడుతుందని లోకం భయం. సన్నపాటి తెడ్డు పడవ తిరగబడేది ఎక్కువగా రేవులోనే, మోకాల్లోతు నీళ్ళలో, అత్తారి వీధి వీధంతా చూస్తుండగా. ఎందుకంటే అల్లుడుగారు బస్సెక్కినట్టు ఎక్కుతారు: ఒక కాలు గట్టు మీద, ఒకటి పడవ అంచు మీద. పడవ జరుగుతుంది, గట్టు జరగదు, మధ్యలో పట్టుపంచె సాగుతుంది. పడవని గట్టు వారన నిలిపి ఒకరు పట్టుకోవాలి. ఎక్కేవాడు వంగి, రెండు అంచులూ రెండు చేతులా పట్టుకుని, అడుగు సరిగ్గా మధ్యలో వేసి, వెంటనే కూలబడాలి. ఫొటో కోసం లేవకూడదు. (ఈ ఒక్క మాటా ఇంతవరకు ఏ అల్లుడూ విన్న దాఖలాల్లేవు.) లైఫ్ జాకెట్ బకిల్స్ పెట్టకుండా కండువాలా వేసుకుంటే, జాకెట్ తేలుతుంది, మనిషి కింద ఉంటాడు.

"మీరు ముందు కూర్చోండి బావగారూ" అనడం మర్యాదే, కానీ పడవకి మర్యాద తెలీదు. గారెల బరువంతా ముందుకొస్తే ముక్కు దిగుతుంది, తోక తేలుతుంది, గాలి ఎటు తోస్తే అటు తిరుగుతుంది. బరువు వెనక ఉండాలి, పడవని మళ్ళించడం తెలిసినవాడూ వెనకే ఉండాలి. బరువు బావది, తెలివి బావమరిదిది అయినప్పుడు వెనక 20 లీటర్ల నీళ్ళ డబ్బా ఒకటి పెట్టుకుంటే సరి. ఇద్దరూ కుడివైపే తెడ్డేస్తే పడవ ఎడమకి గిరగిరా తిరుగుతుంది. చెరోవైపు వెయ్యాలి.

కొత్తవాళ్ళకి కోనసీమ కాలువలే మేలు. సంక్రాంతికి దాళ్వా (రెండో పంట వరి) కోసం ధవళేశ్వరం ఆనకట్ట నుంచి నీళ్ళు వదిలి ఉంటారు. ముందు ఎదురెక్కండి, చేతులు పడిపోయాక వాలులో వచ్చెయ్యొచ్చు. తిరగేసి చేసినవాళ్ళు ఆటోలో వస్తారు. లాకుల దగ్గరకి మాత్రం పోవద్దు. గుర్రపుడెక్క అడ్డమొస్తే తెడ్డుతో బాదకండి, వెనక్కొచ్చి చుట్టూ తిరగండి.

కొల్లేరు సరస్సులో పోటూ పాటూ (సముద్రంలా నీరు ఎక్కడం, దిగడం) లేవు, ఆటపాక వైపు శీతాకాలంలో గూడబాతులు కనువిందు. అక్కడ తెడ్డుకన్నా గెడకే పని. గెడ అడుగు బురదలో దిగబడుతుంది, పడవ ముందుకు సాగుతుంది, గెడ వదలని పెద్దమనిషి కాసేపు జెండాలా అక్కడే ఉంటాడు. పీకేముందు గెడని మెలితిప్పాలి. అప్పటికీ రాకపోతే వదిలెయ్యాలి. గెడ ఎక్కడికీ పోదు, తర్వాత తెడ్డేసుకుంటూ వచ్చి పీక్కోవచ్చు.

ఇక కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవులు. అభయారణ్యం కాబట్టి ముందు అటవీ శాఖ అనుమతి కావాలి, ఆ తర్వాత సముద్రం అనుమతి. పోటుకీ పాటుకీ మధ్య సుమారు ఆరుంబావు గంటలు. పోటు రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి నిన్నటి టైము ఇవాళ పనికిరాదు. అమావాస్యకీ పున్నమికీ నీరు మరీ లోపలికి లాగుతుంది. తొమ్మిదింటికి నిండు పోటు చూసి మురిసిపోయి, సన్నకాలవల్లో పిట్టల్ని చూస్తూ పన్నెండు దాకా ఉంటే, పడవ కింద మిగిలేది బురద. "దిగి తోసేద్దాం" అంటారు బావగారు. దిగిన కాలు మోకాలిదాకా పోతుంది. కాలు తిరిగొస్తుంది, చెప్పు రాదు. చుట్టూ మేకుల్లా పొడుచుకొచ్చిన మడ వేళ్ళు. పడవలోనే కూర్చోవడం ఉత్తమం. మళ్ళీ అంత నీరు ఎక్కేసరికి సాయంత్రం ఆరు దాటుతుంది.

ఒంటిగంటకి అత్తగారి ఫోను. రెండు పాలిథిన్ కవర్లలో చుట్టింది కాబట్టి చక్కగా మోగుతుంది. "దగ్గర్లోనే ఉన్నాం అత్తా, వడ్డించెయ్" అంటాడు బావమరిది. అబద్ధం కాదు. రేవు కనబడుతూనే ఉంటుంది.