పది నిమిషాల్లో బొగ్గులు

ఇప్పుడు ఫోన్లో బొగ్గులు కూడా అమ్ముతున్నారు, చూసే ఉంటారు. సిటీలో అయితే పది నిమిషాల్లో గుమ్మం ముందుకి. 'ప్రీమియం' అంట, ప్యాకెట్ మీద కోడికాలు కాలుస్తూ నవ్వుతున్న తెల్లాయన బొమ్మ. మానవజాతి నిప్పు కనిపెట్టాక మళ్లీ ఇంత దూరం వచ్చింది ఇప్పుడే, అందరం లేచి నిలబడదాం.

మా బామ్మర్దికి హైదరాబాద్‌లో ఉద్యోగం, మా ఊళ్లో ఫామ్‌హౌస్, ఆదివారాలు కత్తులు చేసే వీడియోల పిచ్చి. పోయిన నెల సొంత కొలిమి పెట్టాడు. ఇనుము పెట్టి కొట్టే దాగలి కొన్నాడు, బ్లోయర్ కొన్నాడు, ఫొటో కోసం తోలు ఏప్రాన్ కూడా కొన్నాడు, బొగ్గులు మాత్రం ఆ ప్రీమియంవే, కారు డిక్కీ నిండా. బుల్లి దిండ్లలా ముద్దుగా ఉంటాయి. బొగ్గు పొడికి గంజి జిగురు కలిపి అచ్చుపోసిన సరుకు, కోడి కింద నెమ్మదిగా రాజుకోడానికి పుట్టింది, దానికి మనవాడు బ్లోయర్ పెట్టాడు. స్విచ్ వేశాడో లేదో ఇంటిల్లిపాదికీ విభూతి. మేడ మీద మా అత్తగారి వడియాలు తెల్లగా మెరిశాయి. నిప్పురవ్వలకి కుక్క గేటు దూకి పోయి సాయంత్రానికి గానీ రాలేదు. ఇనప ముక్క మాత్రం నాలుగు ప్యాకెట్లు తిని కాస్త ఎర్రబడి, సిగ్గుపడ్డట్టు మళ్లీ నల్లబడింది.

చివరికి ఊళ్లో కమ్మరి ఆచారి గారిని పిలిచాం. ఆయన ఒక ఉండ తీసి వేళ్లతో నలిపాడు, పొడైపోయింది. "ఇది బొగ్గు కాదు బాబూ, బొగ్గు వేషం" అన్నాడు.

ఆయన లెక్క వేరు. తుమ్మ బొగ్గు రెండు ముక్కలు కొట్టి చూస్తాడు, గాజులా ఖంగుమనాలి. పొగొచ్చిందంటే లోపల కట్టె ఇంకా కాలలేదన్నమాట. కట్టె బొగ్గులో బూడిద తక్కువ, గంధకం దాదాపు ఉండదు, అందుకే ఉక్కు చెడదు, కాకపోతే గబగబా అయిపోతుంది. రాక్షసి బొగ్గు ఎక్కువసేపు నిలుస్తుంది గానీ గంధకం ఎక్కువున్నది తగిలితే ఇనుము ఎర్రగా ఉండగానే సమ్మెట దెబ్బకి పగులుతుంది, బూడిద ఎక్కువైతే కరిగి చిట్టెం కట్టి గాలి దారి మూసేస్తుంది. మన సింగరేణి బొగ్గు కరెంటుకి బ్రహ్మాండం, కానీ అది గాలి తగలకుండా కాలిస్తే గట్టి కోక్ అయ్యే రకం కాదు, కొలిమిలో ముద్దకట్టి నిలబడదు. సర్కారు మాత్రం ఇలా కోక్ కాని బొగ్గుని జీ1 నుంచి జీ17 దాకా 17 గ్రేడులు చేసింది, అన్నీ ఎంత వేడిస్తుందన్న లెక్కే. నాగలి కర్రు విరుగుతుందా లేదా అన్న గ్రేడు ఒక్కటీ లేదు, విరిగేది ఆచారి కర్రు కదా, బాయిలర్‌కి ఏం బాధ.

అసలు ఒళ్లు మండేది ఇక్కడ. బొగ్గు వేలం వేస్తే లారీల లెక్క, రైళ్ల లెక్క. బస్తా కావాల్సినవాడు చిల్లర వ్యాపారి దగ్గర రాళ్లు కలిపిన సరుకు కొనుక్కోవాలి. పోనీ కట్టె బొగ్గు అంటే, ఆయన టీవీఎస్ మీద రెండు బస్తాలు కట్టుకొస్తుంటే ఆపి పర్మిట్ ఏదన్నారట, అవి చేను గట్టు మీద సర్కారు తుమ్మ కొట్టి కాల్చినవి, ఎవడికీ అక్కర్లేని ముళ్లచెట్టు! మధ్యాహ్నం దాకా రోడ్డు పక్కన నిలబెట్టారు డెబ్బై ఏళ్ల మనిషిని. ఇదే నేల మీద నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కొనడానికి పర్షియా నుంచి వర్తకులు వచ్చేవాళ్లు, ఆ ఉక్కు కాగింది కట్టె బొగ్గు మీదే. ఇవాళ ఆ పని చేసేవాడు బొగ్గు దొంగ, కోడి కాల్చుకునేవాడు కస్టమర్ సార్. థూ.

వెళ్తూ వెళ్తూ ఆచారి గారు అడిగాడు, "ఆ ఫోన్లో తుమ్మ బొగ్గు ఏమన్నా దొరుకుద్దేమో చూడు బాబూ" అని. చూశాను. పిన్‌కోడ్ అడిగింది, మా ఊరిది కొట్టాను. మీ ఏరియాకి మేమింకా రాలేదు అని వచ్చింది, పక్కన ఏడుపు బొమ్మ.