సవరణ: కాసియో వాచీలో మారేది బోర్డు, తెర కాదు

కాసియో ఎఫ్-91డబ్ల్యూలో పాత బోర్డు తీసి, మనం ప్రోగ్రామ్ రాసుకునే సెన్సర్ వాచ్ బోర్డు వేయడం గురించి పోయిన వారం రాశాను కదా. తెర మీద ఏ అక్షరమైనా వస్తుందని, యూఎస్‌బీతో ఛార్జింగ్ కూడా అవుతుందని అన్నాను. రెండూ తప్పే. సర్క్యూట్ బొమ్మలు చూడకుండా రాసేశాను.

ఆ బోర్డు తయారుచేసినవాళ్లు బయటపెట్టిన పత్రాల ప్రకారం తెర పాతదే, విడివిడి గీతలు వెలిగి అంకెలు ఏర్పడే ఎల్‌సీడీ. నిమిషాల్లో పదుల అంకె 5 దాటదు. 0, 2, 3, 5 అంకెల్లో పై గీత, కింది గీత రెండూ వెలుగుతాయి. 1, 4లో రెండూ వెలగవు. అందుకే ఆ పై గీతనూ కింది గీతనూ ఒకే తీగకు కలిపేశారు. 1989 నాటి పొదుపు మరి! అక్కడ 7 వేయాలంటే కింది గీత కూడా వచ్చేస్తుంది, అందుకే ఏది పడితే అది వేయలేం.

యూఎస్‌బీ ప్రోగ్రామ్ ఎక్కించడానికే, అదీ బోర్డును బయటికి తీసి. లోపలుండేది సీఆర్2016 బిళ్ల బ్యాటరీ. దాన్ని ఛార్జ్ చేయకూడదు. అయిపోతే కొత్తది వేయాలి. బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే ఎస్పీ రోడ్డు దాకా పోనక్కర్లేదు, వీధి చివరి వాచీ కొట్లోనైనా దొరుకుతుంది.

కాసియోదే మరో వాచీ ఏ158డబ్ల్యూలోనూ ఈ బోర్డు సరిపోతుందన్న మాట మాత్రం నిజమే.