కోసిన గెల ఆగదు: ఆయిల్ పామ్ రైతుకు భరోసా ఎంతకాలం?

అశ్వారావుపేట దగ్గర బంధువుల తోటలో, చెట్టు కింద రాలిన ఆయిల్ పామ్ పండు ఒకటి తీసి గోటితో గీకాను. పీచు మధ్య నుంచి నారింజ రంగు నూనె ఊరి వేలి మీదకు వచ్చింది. సబ్బుతో రెండుసార్లు కడిగినా గోటి అంచున ఆ రంగు సాయంత్రం దాకా పోలేదు.

గింజలో నూనె మనకు కొత్త కాదు. వేరుశనగ, నువ్వులు, ఆముదం అన్నీ గింజలే. గుజ్జులో నూనె ఉండే పండ్లు మాత్రం అరుదు. ఈమధ్య సూపర్ మార్కెట్లలో కనిపిస్తున్న అవకాడో గుజ్జులో నూటికి పదిహేను పాళ్ల దాకా కొవ్వు ఉంటుంది. బాగా పండిన ఆయిల్ పామ్ గుజ్జులోనైతే దాదాపు సగం నూనే. లోపలి గింజలో ఇంకో రకం నూనె ఉంటుంది, అది గుణంలో కొబ్బరి నూనెకు దగ్గర. పశ్చిమ ఆఫ్రికా అడవుల్లో పుట్టిన ఈ చెట్టు ఇవాళ ఏలూరు, ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో వేల కుటుంబాలకు అన్నం పెడుతోంది. దేశంలో పండే ఆయిల్ పామ్‌లో నూటికి 98 పాళ్లు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కేరళల నుంచే వస్తోందని కేంద్రమే చెబుతోంది.

అయితే నూనె ఎంత ఉన్నా ఇది పండు. పండులాగే పాడవుతుంది. గుజ్జులో లైపేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. గెల కోసి కింద పడేసినప్పుడు, ట్రాక్టర్‌లోకి ఎత్తినప్పుడు పండ్లు నలుగుతాయి. నలిగిన చోటల్లా ఆ ఎంజైమ్ నూనెతో కలిసి దాన్ని విడగొట్టడం మొదలుపెడుతుంది. నూనెలో ఆమ్లం పెరుగుతుంది, నాణ్యత పడిపోతుంది. ఫ్యాక్టరీలో గెలలను ముందుగా ఆవిరితో ఉడికించేది ముఖ్యంగా ఈ ఎంజైమ్‌ను చంపడానికి. అందుకే కోసిన 24 గంటల్లో, మరీ ఆలస్యమైతే 48 గంటల్లో గెల ఫ్యాక్టరీకి చేరాలి. ఆలస్యం కాకూడదని పచ్చిగా కోస్తే అందులో నూనె తక్కువ ఉంటుంది. గెల నుంచి కొన్ని పండ్లు రాలేదాకా ఆగాలి, రాలాక ఆగకూడదు.

ఈ పంటకు సంబంధించిన ప్రతి విధానాన్నీ ఇక్కడి నుంచే చూడాలన్నది నా వాదన. వేరుశనగ రైతు ధర నచ్చకపోతే బస్తాలు ఇంట్లో వేసుకుంటాడు. కోనసీమ రైతు కొబ్బరిని కురిడీ చేసి ఆగగలడు, పైగా ఎండుకొబ్బరికి మద్దతు ధర ఉంది. 2025 సీజన్‌కు మిల్లింగ్ రకానికి క్వింటాలుకు 11,582 రూపాయలు ప్రకటించారు. ఆయిల్ పామ్ రైతు గెలను దాచుకోలేడు. మద్దతు ధర పంటల జాబితాలో అది లేదు. ఇంకో చోట అమ్ముకుందామంటే ఉమ్మడి రాష్ట్రంలో తెచ్చిన 1993 చట్టం ప్రకారం ప్రాంతాలను ఫ్యాక్టరీలకు కేటాయించారు. ఏ ప్రాంతం రైతు ఆ ఫ్యాక్టరీకే ఇవ్వాలి. తెచ్చిన గెలలను ఆ ఫ్యాక్టరీ కొని తీరాలన్నది ఇందులోని మంచి. కానీ కొనేవాడు ఒక్కడే ఉండి, సరుకు రెండు రోజులు కూడా ఆగనప్పుడు బేరం అనే మాటకు అర్థం లేదు.

మరి ధర ఎక్కడ తేలుతుంది? ముడి పామాయిల్ ధరను బట్టి, అంటే ఇండోనేషియా, మలేషియా మార్కెట్లను, మన దిగుమతి సుంకాన్ని బట్టి. 2022 ఏప్రిల్ చివర ఇండోనేషియా ఎగుమతులు ఆపేసింది. ఆ వేసవిలో ఇక్కడ టన్ను గెలల ధర 20 వేలు దాటింది. చాలామంది ఆ ధర చూసే మొక్కలు పెట్టారు. మరుసటి ఏడాదికి అది 15 వేల లోపుకు జారింది. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి వంటనూనెలపై సున్నాగా ఉన్న మూల సుంకాన్ని 20 శాతం చేసింది, 2025 మే చివర 10 శాతానికి తగ్గించింది. పట్నంలో నూనె ప్యాకెట్ ధర తగ్గాలని తీసుకున్న ఆ నిర్ణయాన్ని తప్పు పట్టను. ఆ తగ్గింపు భారాన్ని రైతు ఒక్కడే ఎందుకు మోయాలన్నదే నా ప్రశ్న. సుంకం మారిన రోజు కూడా తోటలో పండ్లు రాలుతూనే ఉంటాయి, కోత ఆపడం కుదరదు.

ఓఈఆర్ గొడవ సంగతీ ఇంతే. టన్ను గెలల నుంచి ఎంత శాతం నూనె వస్తుందో చెప్పే లెక్క అది, గెల ధర కట్టేటప్పుడు దాన్నీ చూస్తారు. ముడి నూనె టన్ను లక్ష రూపాయలు ఉందనుకుంటే, ఆ లెక్కలో ఒక్క శాతం తేడా అంటే టన్ను గెలలకు పది కిలోల నూనె, వెయ్యి రూపాయల విలువ. తెలంగాణలో లెక్కగట్టే ఓఈఆర్ తమకూ కావాలని ఆంధ్ర రైతులు ఏళ్ల తరబడి అడిగింది అందుకే. పక్కపక్క మండలాలు, ఒకే రకం మొక్క, మధ్యలో రాష్ట్ర సరిహద్దు. గెల ఎంత పండింది, ఎంత త్వరగా ఫ్యాక్టరీకి చేరింది, యంత్రాలు ఎంత బాగున్నాయి అన్నవాటిని బట్టి ఈ శాతం మారుతుంది. మొదటిది రైతు చేతిలో ఉంది. కాటా దగ్గర ట్రాక్టర్ల వరుసకు, పాత యంత్రాలకు రైతు బాధ్యుడు కాడు.

అసలు ఈ పంట మనకెందుకు అనేవాళ్లూ ఉన్నారు. నీళ్ల గురించి వాళ్ల ఆందోళన నిజమైనది. ఎకరాకు 57 చెట్లు, ఎండాకాలంలో ఒక్కో చెట్టుకు రోజుకు 200 లీటర్లు అనుకున్నా 11 వేల లీటర్లు దాటుతుంది. బోరు అడుగంటే చోట ఈ మొక్క పెట్టించడం అన్యాయం. కానీ హెక్టారుకు నాలుగు టన్నుల దాకా నూనె ఇచ్చే పంట ఇంకోటి లేదు, వంటనూనెలో సగానికి పైగా మనం బయటి నుంచే తెచ్చుకుంటున్నాం. నీళ్లున్న చోట పెంచాలి, పెంచినవాడికి భరోసా ఉండాలి.

ఆ భరోసా కాగితం మీద ఉంది. 11,040 కోట్లతో 2021 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన వంటనూనెల జాతీయ మిషన్‌లో ఒక మంచి సూత్రం పెట్టారు. ముడి పామాయిల్ ఐదేళ్ల సగటు ధరను టోకు ధరల సూచీతో సవరించి, అందులో 14.3 శాతాన్ని గెలలకు గిట్టుబాటు ధరగా లెక్కిస్తారు. మార్కెట్‌ను బట్టి వచ్చే ధర అంతకన్నా తగ్గితే తేడాను రైతు ఖాతాలో వేయాలి. పంటను అర్థం చేసుకున్నవాళ్లు రాసిన సూత్రమిది.

దానికి 2037 నవంబరు 1తో గడువు తీరుతుంది. 2026లో నాటిన మొక్క 2030కి గానీ సరిగ్గా గెల వేయదు. ఏడేళ్లు కాపు కాసేసరికి భరోసా అయిపోతుంది. చెట్టు మాత్రం 2050 దాటినా కాస్తూనే ఉంటుంది. నర్సరీ నుంచి మొక్కలు దింపి, ఊరూరా సభలు పెట్టి నాటమని చెబుతున్న అధికారులు ఈ తేదీని కూడా రైతుకు చెప్పాలి. దాన్ని చెట్టు ఆయుష్షు దాకా పొడిగించమని రెండు తెలుగు రాష్ట్రాలూ కలిసి ఇప్పుడే ఢిల్లీని అడగాలి.