షరతులు లేని లొంగుబాటు: ఒక ప్రచారానికి ఖండన

"నిజంగా లోబడే మనసున్న స్త్రీ షరతులు పెట్టదు. గట్టి మగవాడు దొరికితే తనంతట తానే తలవంచుతుంది. సేఫ్ వర్డ్ (ఆపమనే సంకేత పదం) అడిగిందంటే నమ్మకం లేనట్టే. ఇలాంటివారికి లోపల ఏదో గాయం ఉంటుంది, కాబట్టి నడిపించేవాడు కావాలి. ఒకసారి ఒప్పందంపై సంతకం చేశాక వెనకడుగు లేదు." ఆధిపత్య, విధేయ సంబంధాన్ని ఇష్టపూర్వకంగా కోరుకునేవారి మధ్య చేతులు మారుతున్న సందేశం సారాంశం ఇది. తగిన జోడీని వెతుక్కునే కొత్తవారు దీన్నే కొలబద్దగా పెట్టుకుంటున్నారు గనుక జవాబు చెప్పవలసి వస్తోంది.

షరతులతోనే మొదలుపెడతాను, అసలు తప్పు అక్కడే ఉంది. ఈ సంబంధంలో డామినెంట్‌కు, అంటే ఆజ్ఞాపించేవారికి, ఉండే అధికారం పుట్టుకతో వచ్చింది కాదు, సబ్మిసివ్, అంటే లోబడేవారు, ఇచ్చినది; ఎంత ఇచ్చారో, ఎంతసేపటికి ఇచ్చారో, ఏది ఇవ్వలేదో చెప్పనిదే ఇచ్చామన్న మాటకు అర్థం లేదు. పైగా ఒకరు ఆజ్ఞాపించేవారు, మరొకరు పాటించేవారు అయినంత మాత్రాన జోడీ కుదరదు. ఒకరికి పడకగదిలో గంటసేపు మాట వినడం చాలు, తలుపు తీసి బయటికి వచ్చాక ఇద్దరూ సమానులే. మరొకరికి పొద్దున ఏం కట్టుకోవాలో చెప్పించుకోవడం మొదలు రాత్రి ఫోన్ పక్కన పెట్టే వేళ వరకు నియమాలు కావాలి. ఒకరికి తగినవారు మరొకరికి తగరు.

అందుకే అనుభవం ఉన్నవారు విడివిడిగా కూర్చుని, ఏమేం చేయవచ్చో రాసిన జాబితాలో ప్రతి అంశం ఎదుట 'సరే', 'చూద్దాం', 'వద్దు' అని రాసుకుని, ఆ తర్వాతే కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తారు. చేతులు కట్టడం అన్నచోట ఆమె 'వద్దు, కుడి భుజం ఒకసారి జారింది' అని రాసిందనుకుందాం. అతడు ఆ భుజం ఇప్పుడెలా ఉందని అడుగుతాడా, 'వద్దు' అన్నందుకు ముఖం మాడ్చుకుంటాడా అన్నది చూస్తే, నెలల తరబడి చాటింగ్‌లో తెలియనిది అక్కడే తెలిసిపోతుంది. పెళ్లిచూపుల్లో గోత్రం, జీతం, ఎత్తు అన్నీ అడిగే మనం ఇక్కడ మాత్రం అడగడమే తప్పనుకోవడం నాకు వింతగా తోస్తుంది.

సేఫ్ వర్డ్ అంటే, వినగానే అంతా ఆపేయాలని ముందే అనుకున్న మాట. బతిమాలడం కూడా ఆటలో భాగమై ఉండవచ్చు కాబట్టి నిజమైన 'వద్దు'కు వేరే మాట కావాలి. ఇందులో అపనమ్మకం ఏమీ లేదు. చాలామంది 'పసుపు' అంటే నెమ్మదించమని, 'ఎరుపు' అంటే ఆపమని పెట్టుకుంటారు. నోరు కట్టి ఉన్నప్పుడు చేతిలో తాళాల గుత్తి పట్టుకోవచ్చు, అది నేలమీద పడి చప్పుడైతే ఆపేయాలి. సేఫ్ వర్డ్‌ను డామినెంట్ కూడా వాడవచ్చు.

లోబడటం స్త్రీ స్వభావమన్న మాట దగ్గర ఎక్కువసేపు ఆగను. లోబడాలనుకునే పురుషులు, ఆజ్ఞాపించాలనుకునే స్త్రీలు, అటూ ఇటూ మారేవారు, అందరూ ఉన్నారు. సత్యభామ కాలితో తన్నితే మన్ననగా ఎంచిన కృష్ణుణ్ణి మురిపెంగా చెప్పుకునే భాష మనది. (అక్కడ ముందస్తు ఒప్పందం లేదు కాబట్టి అనుసరించమని మాత్రం చెప్పను.)

ఇక గాయం సంగతి. 2022 నుంచి అమలులో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11, పెద్దవారు పరస్పర సమ్మతితో కోరుకునే ఇలాంటివాటిని, తీవ్ర మనోవేదనకో ప్రమాదానికో దారితీయనంతవరకు, రుగ్మతగా లెక్కించదు. నెదర్లాండ్స్‌లో 2013లో వెలువడిన ఒక అధ్యయనం ఈ మార్గంలో ఉన్న 902 మందిని ఇతరులు 434 మందితో పోల్చగా, తిరస్కారానికి బెదిరే గుణం వీరిలోనే తక్కువగా కనిపించింది. తమంతట తాము ముందుకొచ్చి చెప్పిన సమాధానాలు కాబట్టి దీన్ని అతిగా సాగదీయకూడదు, కానీ 'గాయపడినవారే' అన్న ప్రచారానికి ఇందులో ఊతం దొరకదు. నిజంగా గాయం ఉన్నవారికి కావలసింది కౌన్సెలర్.

సంతకం మాట మరీ ప్రమాదకరం. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలోని 25వ సెక్షన్, 18 ఏళ్లు దాటినవారు సమ్మతించిన హానికి మినహాయింపు ఇస్తుంది గాని, చేసేవారు మరణాన్నో తీవ్ర గాయాన్నో ఉద్దేశించినా, అది జరగవచ్చని తెలిసి చేసినా ఆ రక్షణ వర్తించదు. భయం వల్ల ఇచ్చిన సమ్మతి అని అవతలివారికి తెలిస్తే అది సమ్మతే కాదని 28వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి ఇద్దరూ రాసుకున్న కాగితం వారి జ్ఞాపకానికి పనికొస్తుందే తప్ప ఒకరి నోరు మూయించడానికి కాదు. నిన్న 'సరే' అన్నది ఇవాళ 'వద్దు' కావచ్చు.

జోడీ వెతికేవారు మొదటిసారి నలుగురు తిరిగే చోట కలవడం, ముఖం కనబడే ఫొటోలు తొందరపడి పంపకపోవడం, ఎక్కడికి వెళుతున్నారో ఒక స్నేహితురాలికో స్నేహితుడికో చెప్పి వెళ్లడం మంచిది. మొదటి సందేశంలోనే 'నన్ను సర్ అని పిలువు' అనేవారిని నేనైతే అక్కడితో వదిలేస్తాను, ఇంకా ఇవ్వని అధికారాన్ని అప్పుడే వాడేసుకున్నారు గనుక. మిగిలినవారిని, చివరిసారి మిమ్మల్ని ఎవరైనా ఆపమన్నప్పుడు ఏం చేశారని అడగవచ్చు. కట్లు విప్పి, మంచినీళ్లిచ్చి, దుప్పటి కప్పి పక్కన కూర్చున్నానని చెప్పేవారు ఉంటారు. నన్నెవరూ ఎప్పుడూ ఆపమనలేదని గర్వంగా చెప్పేవారూ ఉంటారు.